మిషన్ ట్రిప్‌కు వెళ్లొచ్చాను: కుష్ఠు ఆసుపత్రిలో మా యూత్ బృందానికి దొరికిన పని

విభాగం: విద్యార్థులు, సేవ, ప్రయాణాలు

లేత_వేప | మే 27, రాత్రి 9:12

అందరికీ వందనాలు. గుంటూరులో ఫిజియోథెరపీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవిలో మా లూథరన్ సంఘం యవ్వనస్థులతో కలిసి పార్వతీపురం మన్యం జిల్లా వైపు ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. కుష్ఠు రోగుల ఆసుపత్రి. రోగుల సంగతులు రాస్తున్నాను కాబట్టి ఆసుపత్రి పేరు చెప్పను, దయచేసి అడగవద్దు. "మిషన్ ట్రిప్‌లో నిజంగా పని ఉంటుందా, ఫొటోలు దిగి రావడమేనా?" అని ఆ మధ్య ఇక్కడ ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు నా జవాబు ఇది, కాస్త పొడవైనది.

మేం సిద్ధం చేసుకుని వెళ్లినవి: పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), రెండు నాటికలు, వార్డు గోడలకు రంగులు, సాయంత్రాలు పాటలు, సాక్ష్యాలు (ఎవరి విశ్వాస అనుభవం వాళ్లు చెప్పడం). అందరికీ ఒకే రంగు టీ షర్టులు, వీపు మీద బైబిలు వాక్యం. బొబ్బిలిలో రైలు దిగితే ఆటోవాళ్లు మమ్మల్ని కబడ్డీ జట్టు అనుకుని ఏ ఊళ్లో పోటీలని అడిగారు.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మగారు మా ప్రణాళిక అంతా ఓపికగా విన్నారు. "గోడలకు నిరుడే రంగు వేయించాం. వార్డులో పిల్లలు లేరు, అంతా పెద్దవాళ్లే. మీలో కాళ్లు కడగగలిగేవాళ్లు ఎంతమంది?" అన్నారు. మా నాయకుడు పరవశించి, యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను సువార్త పదమూడో అధ్యాయం తెరిచాడు. ఆవిడ అప్పటికే గుమ్మం దాటారు. "అది తర్వాత చదువుకుందురు గాని బాబూ, ముందు తొట్టి దగ్గరికి రండి."

వార్డు వెనక పొడవాటి సిమెంటు తొట్టి, దానికి రెండు వైపులా అరుగులు. పొద్దున్నే రోగులంతా వచ్చి కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటారు. ఇరవై నిమిషాలు నానాలి. ఈ జబ్బు నరాన్ని చంపుతుంది. నరం చచ్చిన చోట స్పర్శ ఒక్కటే కాదు, చెమట కూడా పోతుంది. చెమట లేని చర్మం ఎండి, గట్టిపడి, పగులుతుంది. పగుల్లోకి మట్టి పోతుంది, పుండు పడుతుంది. నొప్పి తెలియదు కనుక ఆ మనిషి దాని మీదే నడుస్తాడు, చివరికి పుండు ఎముక దాకా వెళుతుంది. అందుకని నానబెట్టి, గరుకు రాయితో పెచ్చులు గీకి, తడి ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందులు, అరికాలు చూడాలి. ఎక్కడైనా ఎర్రగా, వేడిగా ఉందా? ముల్లు ఉందా? మొదటి రోజే ఒకాయన మడమలోంచి నేను లాగిన తుమ్మముల్లు నా చిటికెన వేలి గోరంత ఉంది. ఆయన ఆ కాలితోనే అంతకుముందు రోజు బస్సు దిగి నడిచి వచ్చాడు.

తొట్టి పక్కన కూర్చునే ఒక మామ్మ ఉంది, ఒడిశా కొండల మీది మనిషి. ఒకరోజు తాను తాగుతున్న టీ గ్లాసు నా చేతికిచ్చి పట్టుకోమంది. స్టీలు గ్లాసు, అప్పుడే పొయ్యి మీద నుంచి దింపిన టీ. నాకు వేళ్లు చురుక్కుమని గ్లాసు కింద పెట్టేశాను. ఆమె అప్పటిదాకా దాన్ని రెండు అరచేతుల మధ్య పొదివి పట్టుకునే ఉంది. చేతులు తిప్పి చూస్తే కొత్త బొబ్బ, దాని పక్కన పాతవాటి మచ్చలు. పాఠ్యపుస్తకంలో "స్పర్శలోపం" అన్న మాటను పరీక్ష కోసం ఎన్నోసార్లు రాశాను. అది ఇలా ఉంటుందని నాకు తట్టలేదు.

తర్వాత నన్ను ఆపరేషన్ అయినవాళ్ల దగ్గర వేశారు. మోచేతి దగ్గర నరం దెబ్బతింటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఒక వేలిని వంచే టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడును) తీసి, నాలుగు పాయలుగా చీల్చి నాలుగు వేళ్లకూ కుడతారు. మూడు వారాల పాటు కట్టు. కట్టు విప్పాక అసలు కష్టం మొదలవుతుంది. ఒక పని అలవాటైన కండరానికి ఇంకో పని నేర్పాలి. మనిషి ఒక వేలిని వంచుతున్నానని అనుకుంటూ పిడికిలి పిడికిలంతా సరిచేసుకోవాలి. అరగంట చేస్తే ఆయనకూ చెమటలే, నాకూ చెమటలే.

నాటిక కూడా వేశాం. అది వాళ్లకు బాగా నచ్చింది, మళ్లీ వేయించుకున్నారు. పాటలు కూడా. కాబట్టి మా ప్రణాళిక అంతా దండగని అనను. కానీ ఆసుపత్రికి మా అవసరం ఎంత, మాకు ఆసుపత్రి అవసరం ఎంత అని తూచితే రెండోదే ఎక్కువ బరువు తూగుతుంది. మాకు పని నేర్పడానికి అక్కడి అటెండరు, ఫిజియో సార్ తమ పని ఆపుకున్నారు. మేం తిరిగొచ్చాక తొట్టి దగ్గర మళ్లీ ఆ ఇద్దరే.

వేకువ | మే 27, రాత్రి 10:05

చెల్లీ, చక్కగా రాశావు. చివరి మాట మాత్రం మింగుడుపడలేదు. నేను మా సంఘంలో యూత్ లీడర్‌ని, ఏటా పిల్లలను తీసుకెళ్తాను. వెళ్లిన వాళ్లలో ఒకరిద్దరైనా జీవితాంతం ఆ పనిలో ఉండిపోతారు. మా బృందంలో ఒకమ్మాయి ఇప్పుడు నర్సు. ఆ ఫలం లెక్కలోకి రాదా? "అటెండరు పని ఆపుకున్నాడు" అంటే, ఏ ఆసుపత్రిలోనైనా కొత్తవాళ్లకు పని నేర్పడం మామూలే కదా.

ప్రశ్నార్థకం | మే 27, రాత్రి 10:31

సేవ గురించి నాకు పేచీ లేదు, ఆ తొట్టి పని చదివి చేతులు జోడించాను. నా ప్రశ్న వేరు. సాయంత్రం పాటలు, సాక్ష్యాలు అన్నారు. మంచం మీద ఉన్న మనిషి, సొంత ఊరు వెలివేసిన మనిషి, తన కాలు కడిగిన అమ్మాయి "ప్రార్థన చేద్దామా?" అంటే వద్దని ఎలా అంటాడు? వద్దనే స్వేచ్ఛ కాగితం మీద ఉంటే చాలదు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే: మతాన్ని ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివాడిని మతం మార్చే హక్కు లేదు. మీ రోగుల్లో ఒడిశా వాళ్లున్నారు. ఆ రాష్ట్రం ప్రలోభంతో మత మార్పిడి జరగకూడదని 1967లోనే చట్టం చేసింది. ఉచిత వైద్యం ప్రలోభం కాదంటారా?

లేత_వేప | మే 27, రాత్రి 11:20

@ప్రశ్నార్థకం గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, కోపం రాలేదు. నేను చూసింది చెబుతాను.

పొద్దున వార్డులో ఒక సిస్టర్ రెండు నిమిషాలు ప్రార్థన చేస్తారు. ఒక తాతగారు రోజూ ఆ సమయానికి గోడ వైపు తిరిగి పడుకునేవారు. అయినా ప్రార్థన అయ్యాక ఆ సిస్టరే మొదట ఆయన మంచం దగ్గరికి వెళ్లి కట్టు మార్చేవారు. ఆయన దిండు పక్కన సింహాచలం అప్పన్న పటం ఉంది, దాన్ని తీయమని ఎవరూ అనలేదు. మా నాయకుడు కొత్త నిబంధన (బైబిలు రెండో భాగం) పుస్తకాలు ఒక పెట్టెడు తెచ్చాడు, మంచం మంచానికీ పంచుదామన్నాడు. డాక్టరమ్మగారు ఒప్పుకోలేదు. "చాపెల్ బల్ల మీద పెట్టండి, కావలసినవాళ్లు తీసుకుంటారు. పేషెంటు మంచం దగ్గరికి మందు తప్ప ఏదీ పట్టుకెళ్లకూడదు" అన్నారు. మావాళ్లలో కొందరు నొచ్చుకున్నారు. నాకు అది సరైన నియమం అనిపించింది.

అయినా మీరన్న ఇబ్బంది పూర్తిగా పోదు. ఆ తాతగారు గోడ వైపు తిరగగలిగారు. ఆ ధైర్యం అందరికీ ఉండదు.

గుండ్లకమ్మ | మే 28, ఉదయం 6:48

ఈ వాదన తెలుగునాట నూట యాభై ఏళ్ల నాటిది. మా ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇంజినీరింగ్ చదివినవాడు కనుక పని తెలుసు. తిండి లేని మాదిగ కుటుంబాలకు కూలి దొరికింది. బాప్తిస్మం కావాలని వేలమంది అడిగినా కరువు సాగినంత కాలం ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనే మాట పడకూడదని. కరువు తెరిపిన పడ్డాక, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఇచ్చారు.

@ప్రశ్నార్థకం గారూ, ఈ కథలో మీ వాదానికీ ఆధారం దొరుకుతుంది, మా వాదానికీ దొరుకుతుంది. సహాయం చేసే వేళ బాప్తిస్మం ఆపాలని ఆయన గ్రహించాడు. కానీ సహాయాన్నీ నమ్మకాన్నీ జనం మనసులో ఎవరు విడదీయగలరు? ఆ దొర కాలువ దగ్గర కూలి ఇచ్చిన దొరే కదా. మా తాత ముత్తాతలు ఆ 2,222లో ఉన్నారని ఇంట్లో చెబుతారు. వాళ్లు కూలి కోసం పోలేదు, మనుషులుగా చూశారని పోయారని మా నాయనమ్మ మాట. ఊరి చెరువులో నీళ్లు ముట్టుకోనివ్వని కాలమది. "ప్రలోభం" అనేముందు అది కూడా తలుచుకోవాలి.

ప్రశ్నార్థకం | మే 28, ఉదయం 8:15

@గుండ్లకమ్మ గారూ, ఒప్పుకుంటాను. ఊరు చేసిన పాపానికి మిషనరీని తిట్టడం నా ఉద్దేశం కాదు. మంచం దగ్గరికి మందు తప్ప ఏదీ తీసుకెళ్లకూడదన్న డాక్టరమ్మగారి నియమం అన్ని మిషన్ ఆసుపత్రుల్లోనూ, అన్ని మతాల ఉచిత శిబిరాల్లోనూ ఉంటే నాకు తగాదా లేదు.

మెతుకుసీమ | మే 28, ఉదయం 9:02

మా వైపు సంగతి ఒకటి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషన్ కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నడిపారు. దానికి పెద్ద విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. మిషనరీ వైద్యం, హిందూ దాత సొమ్ము, నిజాం రాజ్యపు గడ్డ. అప్పట్లో మందు అంటే చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లు. సూది భరించలేని నొప్పి, ఫలితం అంతంత మాత్రం, అయినా జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి చోటికి ఈరోజు పిల్లలు టీ షర్టులతో వెళ్తే తప్పేమీ లేదు గాని, అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్ల సంగతి తెలుసుకుని వెళ్తే బాగుంటుంది.

పాత_సైకిల్ | మే 28, మధ్యాహ్నం 2:40

అమ్మా లేత_వేపా, నీ రాత మా మనవరాలు చదివి వినిపించింది. నేను లెప్రసీ విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకిల్ మీద ఊరూరూ తిరిగాను. ఊళ్లో నన్ను మచ్చల డాక్టరు అనేవారు. నేను కొట్టిన గుమ్మం పక్కింటివాళ్లకు కనబడకూడదని దొడ్డిదారిన రమ్మనేవారు.

ఎండీటీ (కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) రాకముందు డాప్సోన్ ఒక్కటే మాత్ర. ఏళ్ల తరబడి మింగాలి, కొందరు జీవితాంతం మింగారు, తర్వాత ఆ మందు పనిచేయడం కూడా మానేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇవ్వమంది. రిఫాంపిసిన్, క్లోఫజిమైన్, డాప్సోన్. 1983 నుంచి నిర్మూలన కార్యక్రమం పేరుతో మన దగ్గర ఆ పని మొదలైంది. కళ్ల ముందే రిజిస్టర్లు పలచబడ్డాయి. పేరు కొట్టేసినప్పుడల్లా ఎంత సంతోషమో. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకటి కంటే తక్కువ అన్నారు, జబ్బు పోయిందన్నారు. ప్రత్యేక విభాగాన్ని మామూలు ఆసుపత్రుల్లో కలిపేశారు. పోయింది లెక్క మాత్రమే. ఇప్పటికీ దేశంలో ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా మనవే. చూసే కన్ను తగ్గింది. కొత్తగా వచ్చే డాక్టర్లలో చాలామంది మచ్చను తామర అనుకుని పూత మందు రాసి పంపుతున్నారు.

నువ్వు తొట్టి గురించి రాశావు. ఇంకొకటి చెబుతాను, మీ బృందానికి చెప్పారో లేదో. మొద్దుబారిన వేళ్లను రాత్రిళ్లు ఎలుకలు కొరుకుతాయి, మనిషికి మెలకువ రాదు. వెల్లూరులో 1940ల చివర చేతుల ఆపరేషన్లు మొదలుపెట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేళ్లు రాత్రికి రాత్రి ఎలా పోతున్నాయో కనిపెట్టి, ఇంటికి వెళ్లే రోగులకు పిల్లులనిచ్చి పంపాడు. మా ఊళ్లలో నేనూ అదే సలహా చెప్పేవాణ్ని. మందు సర్కారు ఇచ్చేది, పిల్లిని మాత్రం ఎవరి ఇంట వాళ్లు పెంచుకోవలసిందే.

లేత_వేప | మే 28, సాయంత్రం 6:55

@పాత_సైకిల్ మాస్టారూ, పిల్లుల సంగతి చెప్పలేదు! కానీ ఆసుపత్రి ఆవరణలో అన్ని పిల్లులెందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. మా బృందంలో ఒకడు వాటిని తరిమికొడుతుంటే అటెండరు కసిరాడు.

ఒక సందేహం. మేం చేసిన పనిలో మీకు పనికొచ్చేదిగా అనిపించింది ఏమిటి? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత_సైకిల్ | మే 28, రాత్రి 8:10

మొహమాటం ఎందుకమ్మా. కాళ్లు నువ్వు కడగడం వల్ల రోగికి ఆ ఒక్క పూటే లాభం. ఇంటికి వెళ్లాక తనే కడుక్కోవాలి, ఇంట్లో తొట్టి ఉండదు, ప్లాస్టిక్ బకెట్టే. కాబట్టి నువ్వు కడగడం కంటే, నువ్వు పక్కన కూర్చుని అతను కడుక్కునేలా చేయడం మేలు. నువ్వు రాసిన వేళ్ల వ్యాయామం పనికొచ్చింది, అది నీ చదువు. స్పర్శ పరీక్షలు రాసి పెట్టావా? బాల్‌పెన్ను మొనతో అరచేతిలో, అరికాలులో చుక్కలు పెట్టి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చూపమనడం. ఇది ప్రతి నెలా చేయాలి. పోయిన నెల తెలిసిన చోట ఈ నెల తెలియకపోతే నరం వాస్తున్నట్టు లెక్క, వెంటనే స్టెరాయిడ్ మందు పడాలి. ఆలస్యమైతే చెయ్యి పోతుంది. ఈ పరీక్షకు పెన్ను, ఓపిక, తీరిక ఉంటే చాలు. సిబ్బందికి లేనిది ఆ తీరికే. మీలాంటి పిల్లలు రావలసింది ఇందుకు.

లేత_వేప | మే 28, రాత్రి 8:41

రాశాను మాస్టారూ. ఫిజియో సార్ నాతో పాటు డిగ్రీ పిల్లలకు కూడా నేర్పారు. కామర్స్ చదివే మా తమ్ముడు అందరికంటే శుభ్రంగా పటం గీసి చుక్కలు పెట్టాడు. ఒకామె కుడి అరికాలులో పాత పటానికీ కొత్త పటానికీ తేడా వస్తే సార్ ఆ మధ్యాహ్నమే మందు మొదలుపెట్టించారు. వాడు ఆ రోజంతా కాలరెత్తుకుని తిరిగాడు. ఇంటికొచ్చాక కూడా ఆ సంగతే చెబుతాడు, నాటికలో తను రాజు వేషం వేసిన ఊసు ఎత్తడు.

వేకువ | మే 29, ఉదయం 7:30

ఇదే కదా నేనన్నది, పిల్లలు మారతారని!

తూనికరాయి | మే 29, ఉదయం 10:12

@వేకువ అన్నా, మారడం మీద ఒక పరిశోధన ఉంది. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ఊడ్చేశాక ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. కాల్విన్ కాలేజీ ప్రొఫెసర్ కర్ట్ వెర్ బీక్ ఆ ఇళ్లలో ఉన్నవాళ్లనూ, కట్టడానికి వెళ్లినవాళ్లనూ కలిసి, 2006లో ఫలితాలు ప్రచురించాడు. ఆయనా క్రైస్తవుడే, హోండురాస్‌లోనే ఉంటూ పనిచేసినవాడు, మిషన్‌కు శత్రువు కాడు. ప్రయాణ ఖర్చులన్నీ కలుపుకుంటే బృందం కట్టిన ఇల్లు ఒక్కోటి 30,000 డాలర్ల దాకా తేలింది. స్థానిక సంస్థ కడితే 2,000 డాలర్లు. విదేశీయులు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ, స్థానికులు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ బతుకులో తేడా కనబడలేదు. ఆ డబ్బుతో మరిన్ని ఇళ్లు కట్టి ఉంటే బాగుండేదని అక్కడివాళ్లే అన్నారు. ఇక వెళ్లినవాళ్లలో వచ్చిన మార్పు? తామెంతో మారామని వాళ్లు చెప్పారు గాని, ఇచ్చే కానుకల్లో, చేసే ప్రార్థనల్లో తర్వాత పెద్దగా నిలిచింది లేదు.

లేత_వేప బృందం రైల్లో వెళ్లింది కాబట్టి ఖర్చు అంత కాదు. కానీ ఆ టీ షర్టుల డబ్బు ఎంతమ్మా?

లేత_వేప | మే 29, మధ్యాహ్నం 1:05

అడుగుతారని తెలుసు. అక్కడ చెప్పుల గదిలో ఒక మేస్త్రీ ఉన్నాడు. ఎంసీఆర్ అనే మెత్తటి నల్ల రబ్బరును పాదం ఆకారానికి కోసి, పైన పట్టీలు కుడతాడు. ఎక్కడా మేకు కొట్టడు, మేకు గుచ్చుకున్నా తొడుక్కున్నవాడికి తెలియదు కదా. ఆయన మా షర్టు పట్టుకుని చూసి "ఇదెంత పడింది?" అన్నాడు. చెప్పాను. కాసేపు లెక్కలు వేసుకుని, మీ అందరి షర్టుల డబ్బుతో ఈ వార్డు మొత్తానికీ చెప్పులు వచ్చేవి, మిగిలేవి కూడా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా నాయకుడు ఆ మాట సంఘ పెద్దల దగ్గర చెప్పాడు. వచ్చే ఏడు షర్టులు లేవు.

డాలస్_అమ్మ | మే 29, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి హైస్కూలు ఆఖరి సంవత్సరం. ఇక్కడి మా తెలుగు చర్చి యూత్ బృందం వచ్చే వేసవి ఆంధ్రాకు మిషన్ ట్రిప్ అంటున్నారు. గ్రామాల్లో సువార్త సభలు, వైద్య శిబిరం. కొందరు పిల్లలకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది, వాళ్ల స్నేహితులు అమెరికన్ పిల్లలు టూరిస్టు వీసా మీద వస్తారట. లేత_వేప రాసినది చదివాక మావాడిని అలాంటి ఆసుపత్రికి పంపాలనిపించింది. వీలవుతుందా?

తూనికరాయి | మే 30, ఉదయం 6:20

@డాలస్_అమ్మ గారూ, ముందు కాగితాలు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు మత ప్రచారం చేయకూడదు. సభలో నిలబడి మాట్లాడినా చిక్కే. ఓసీఐ ఉన్నవాళ్లకు అడ్డేమీ లేదనుకుంటారు చాలామంది. 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ చదవండి. మిషనరీ పనికి, తబ్లీగ్ (ఇస్లాం ప్రచార) పనికి, పత్రికా పనికి, పర్వతారోహణకు, పరిశోధనకు ఓసీఐ కార్డుదారులు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పట్టుబడితే పిల్లవాడిని వెనక్కు పంపుతారు, మళ్లీ రానివ్వకపోవచ్చు. వాళ్లకు ఆతిథ్యం ఇచ్చిన ఊరి పాస్టరు గారు మాత్రం ఇక్కడే ఉండి స్టేషను చుట్టూ తిరగాలి. అమెరికాలో ప్రణాళిక వేసేవాళ్లకు ఈ చివరి మాట ఎప్పుడూ గుర్తురాదు.

గుండ్లకమ్మ | మే 30, ఉదయం 7:05

పై మాటకు నూటికి నూరు మార్కులు. మా బంధువుల్లో ఒక పాస్టరు గారు ఇలాగే అతిథుల కోసం నానా తిప్పలు పడ్డారు.

లేత_వేప | మే 30, రాత్రి 9:30

@డాలస్_అమ్మ గారూ, నేను డాక్టరమ్మగారిని ఫోనులో అడిగాను, పేరు చెప్పకుండా మీ మాటగా. ఆవిడ జవాబు సూటిగా ఉంది: బృందం వద్దు, ఒక్కడు రానివ్వండి, వారానికి కాదు, సెలవులన్నీ ఉండేలా, తెలుగు మాట్లాడగలగాలి, ఎందుకంటే స్పర్శ పరీక్షలో రోగితో మాట్లాడాలి, కాగితాలు ముందుగా సరిచూసుకుని రావాలి, ఫోనులో రోగి ముఖం తీస్తే ఆ సాయంత్రమే తిరుగు బస్సు. ఈ ఫొటోల నియమం మాకూ పెట్టారు. ముఖాలు సరే, చేతులు తీద్దామన్నాడు మావాడొకడు. చేతులను బట్టే ఊళ్లో గుర్తుపడతారు బాబూ అన్నారావిడ.

డాలస్_అమ్మ | మే 31, ఉదయం 5:15

చాలా సంతోషమమ్మా. మావాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడమే తక్కువ. ఈ ఏడాది వాళ్ల అమ్మమ్మ చేతికి అప్పగిస్తాను.

తీరం_22 | మే 31, రాత్రి 10:58

మీ చర్చకు సంబంధం లేనిదైతే క్షమించండి. పాత_సైకిల్ గారు మచ్చను తామర అనుకుంటారని రాశారు. మా నాన్నగారికి వీపు మీద, ఎడమ మోచేతి పైన రాగి రంగు మచ్చలు ఏడాది నుంచి ఉన్నాయి. దురద లేదు. రెండు పూత మందులు మార్చాం. ఆయన పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర పని చేస్తారు, మోచేయి కాలినా తెలియలేదని మొన్న మాటల్లో అన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. చిన్న చెల్లికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం.

పాత_సైకిల్ | జూన్ 1, ఉదయం 6:02

బాబూ, సంబంధం లేకపోవడమేమిటి, ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. రాత చూసి జబ్బు తేల్చలేను. కానీ దురద లేని మచ్చ, కాలినా తెలియని మోచేయి అంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఇంట్లోనే చూడు: నాన్నగారిని కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో మచ్చ మీదా పక్కనా మెల్లగా తాకి, తగిలిన చోట వేలు పెట్టమను. తర్వాత మీ పీహెచ్‌సీకి వెళ్లి "మచ్చ మొద్దుబారింది, లెప్రసీ పరీక్ష చేయండి" అని ఆ మాటే స్పష్టంగా చెప్పు. చెప్పకపోతే మళ్లీ పూత మందే రాస్తారు. మందు ఉచితం, బయట కొనే పని లేదు.

భయం వద్దు. నూటికి తొంభై మందికి పైగా దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. చెల్లి పెళ్లికి ఇది అడ్డు కాదు. ఒకప్పుడు భార్యాభర్తల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే విడాకులు అడగవచ్చని చట్టంలోనే ఉండేది, 2019లో అది తీసేశారు.

ప్రశ్నార్థకం | జూన్ 1, ఉదయం 8:40

@తీరం_22, ఏ ఊరో చెప్పనవసరం లేదు. ఆసుపత్రికి తోడు కావాలంటే నాకు విడిగా సందేశం పెట్టండి. ఒంగోలు, నెల్లూరు మధ్య ఎక్కడైనా వస్తాను.

నిర్వాహకుడు | జూన్ 1, ఉదయం 9:15

తీరం_22 గారి కుటుంబ వివరాలు ఎవరూ అడగవద్దు. మతం మార్పిడి మీద వచ్చిన మరికొన్ని వ్యాఖ్యలను వేరే విభాగానికి తరలించాను. వాదన అక్కడ కొనసాగించండి.

తీరం_22 | జూన్ 6, రాత్రి 9:47

వెళ్లాం. ప్రశ్నార్థకం గారు వచ్చారు, వరుసలో నాతో పాటు నిలబడ్డారు. మచ్చలు తక్కువే కనుక ఆరు నెలల కోర్సు అన్నారు. మొదటి మోతాదు అక్కడే మింగించి, నెలకు సరిపడే మాత్రల అట్ట ఇచ్చారు. ఇంట్లో మా అందరికీ ముందుజాగ్రత్తగా ఒక్కసారి మింగే మాత్ర ఉందట, ఆశా కార్యకర్త వచ్చి ఇస్తుందన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు గాని, దారిలో బజ్జీలు కొనిపించుకున్నారు.

ఒక భయం. సాయంత్రం నుంచి మూత్రం ఎర్రగా వస్తోందట. రేపు మళ్లీ తీసుకెళ్లాలా?

పాత_సైకిల్ | జూన్ 6, రాత్రి 10:03

వద్దు బాబూ. అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు. నెలకొకసారి ఆ మాత్ర వేసుకున్న రోజు అలాగే వస్తుంది, మర్నాటికి మామూలవుతుంది. ఆ సంగతి ముందే చెప్పి పంపాలి, హడావిడిలో మరిచి ఉంటారు. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దద్దురులు వచ్చినా, మోచేతి దగ్గర నరం వాచి నొప్పి పుట్టినా మాత్రం అదే రోజు వెళ్లండి. బ్యారన్ దగ్గర ఎడమ చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోమను.

లేత_వేప | జూన్ 6, రాత్రి 10:20

తీరం అన్నా, మోచేయి, మణికట్టు, వేళ్ల బలం ఎలా చూసుకోవాలో ఒక కాగితం మీద బొమ్మలు గీసి పెడతాను. నెలకోసారి మీరే చూడవచ్చు. రేపు ల్యాబ్ పరీక్ష ఉంది, ఆదివారం మధ్యాహ్నానికి ఇక్కడ పెడతాను.